దేవుని ఇంట్ల జీతం

ఆ ఆదివారం మందిరంలో ఉన్నవాళ్లు, ఉన్నవి: గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా పాస్టర్ అయ్యగారు. ముందు వరుసలో సంఘపెద్ద, తలకు తెల్ల రుమాలు. చాపల మీద ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు, మధ్యలో ఎటూ కాని పిల్లలు. వేదిక ముందు కోత పండుగకు తెచ్చిన గుమ్మడికాయలు, జొన్న కంకులు, కంది కట్టలు, గంపెడు టమాటలు, పాత చీరలో మూటగట్టిన పత్తి, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్ బాక్సులు, ఒక మైకు. కరీంనగర్ నుంచి వచ్చిన అవ్వ, అంటే మా అమ్మ. ఆమె సంచిలో మడత విప్పని కొత్త తెల్ల చొక్కా.

చొక్కా నాకోసం. ఆ రోజు ఆరాధన చివర అయ్యగారు నన్ను ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి, దేవుని సేవకు ప్రతిష్ఠించాలని ఏర్పాటు. పత్తి సీజన్ అయిపోగానే ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో నా ఉద్యోగం మానేసి బైబిల్ శిక్షణకు వెళ్లాలి. తర్వాత నేనూ ఒక పాస్టర్‌ను. ఇదంతా అవ్వ మొక్కిన ఒక మొక్కు కోసం.

నాకు ఏడాది నిండకముందు వాంతులు, విరేచనాలు పట్టుకుని కళ్లు లోపలికి పోయాయట. కరీంనగర్‌లో ఆసుపత్రి వరండాలో నన్ను ఒళ్లో పెట్టుకుని అవ్వ మొక్కుకుంది. ఆ మాటలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

"ప్రభువా, గీ పిల్లగాడు బతికితె నీ ఇంట్ల జీతం ఉంచుత."

నేను బతికాను. పెరిగాను. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాను. కానీ ఆ వాక్యంలో ఒక్క పదం దగ్గర మా ఇల్లంతా ఇరుక్కుపోయింది.

బాపు, అంటే మా నాన్న, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన లెక్క ప్రకారం జీతం అంటే నెల తిరిగితే వచ్చేది. నా మొదటి జీతం కవరులో పెట్టి మా కరీంనగర్ చర్చిలో కానుక వేయించాడు. ఇంటికొచ్చి మొక్కు తీరిందని ప్రకటించి, జిలేబి తెప్పించాడు. అవ్వ జిలేబి తిన్నది కానీ మొక్కు తీరిందని ఒప్పుకోలేదు. జీతం ఇచ్చుడు వేరు, జీతం ఉంచుడు వేరు అని ఆమె వాదన. దేవుడు మర్చిపోయినా నువ్వు మర్చిపోవు గదా అని బాపు ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేది కాదు. చర్చిలో, బైబిల్లో మొక్కుకుని కన్న కొడుకును మందిరానికి ఇచ్చేసిన తల్లి సంగతి వచ్చిన ప్రతిసారీ తల దించుకుని కూర్చునేది. నేను పక్కనుండి చూసేవాణ్ని. దేవునికిచ్చిన మాట తప్పిపోయిందన్న భయం ఆమెకు నిజంగా ఉండేది.

ఉద్యోగానికి నేను ఆదిలాబాద్ వచ్చాక ఒక రోజు అయ్యగారు నా గదికి వచ్చినప్పుడు అవ్వ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి ఇద్దరినీ మాట్లాడించాను. అవ్వ తన బాధ చెప్పుకుంది. అయ్యగారు మంచి మనిషి, ఓదార్చబోయారు.

"మొదటి జీతం ఇచ్చేశారు కదండీ అమ్మగారూ, ఇంకేంటండీ బెంగ?"

"గా జీతం గాదు అయ్యగారు, జీతం."

"అదేనండీ, నేననేదీ జీతమేనండీ."

"అయ్యో, గా జీతం గాదు. జీతం."

కాసేపు ఇలాగే నడిచింది. నేను దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను. చివరికి జాలేసి, మా వైపు జీతం ఉండటం అంటే పెద్దింట్లో పనికి ఉండిపోవడమని, అలా ఉన్నవాణ్ని జీతగాడంటారని, పాతకాలం మాట అని అయ్యగారికి వివరించాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఓహో, సేవకుడన్నమాట, అంటే మిమ్మల్ని దేవుని సేవకుడిగా ఇస్తానని మొక్కారన్నమాట, అన్నారు. క్రైస్తవులకు వేరే చెప్పనక్కర్లేదు, మా వాడుకలో దేవుని సేవకుడంటే పాస్టరే. అలా జీతగాడు సేవకుడై, సేవకుడు పాస్టరై, నిమిషం లోపల నా బతుకు మారిపోయింది. అవ్వ కూడా అయ్యగారు చెప్పాక కాదంటుందా? అప్పటిదాకా ఆకారం లేని దిగులుకు ఒక ఆకారం వచ్చింది. అప్పటినుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: దేవుని మాట ఏం జేసినవు బిడ్డా?

దేవుని పనంటే నాకు ఇష్టమే. కానీ ప్రసంగం నావల్ల కాదు. దానికి రుజువు ఉంది. ఆదిలాబాద్‌లో ఒక ఇంటి ప్రార్థనలో నన్ను వాక్యం చెప్పమన్నారు. మూడు రోజులు కూర్చుని రాసుకున్నాను. ఒకటి, ఒకటి పాయింటు ఒకటి, ఒకటి పాయింటు రెండు, ఇలా. మిల్లు మాన్యువల్‌లో చదివే పద్ధతే నాకు తెలిసిన పద్ధతి. రెండు పాయింటు మూడు దగ్గరికి వచ్చేసరికి ముందున్న పెద్దావిడ నిద్రపోయింది. ఆమె పక్కావిడ నా మీద నిజమైన ప్రేమతో, ఇంకెన్ని ఉన్నయ్ బిడ్డా, అని అడిగింది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూర్చున్నాను.

మిల్లు సంగతి వేరు. నవంబరులో పత్తి బండ్లు గేటు బయట వరుస కట్టినప్పుడు, పూజ చేసి సీజన్ మొదలుపెట్టే రోజు, మెయిన్ స్విచ్ వేసేది నేను. ముందు ఫ్యాన్లు, తర్వాత కన్వేయర్లు, తర్వాత పత్తి నుంచి గింజ తీసే జిన్లు ఒకదాని వెనక ఒకటి అందుకుంటాయి. ఆ చప్పుడంతా కలిసి ఒకే చప్పుడయ్యాక అందులో ఒక బేరింగ్ అరుగుతుంటే నాకు తెలిసిపోతుంది. మిల్లులో మరాఠీ మాట్లాడే ఫిట్టర్ ఒకాయన ఉన్నాడు. యంత్రం నీకు చెవిలో చెప్తదా అంటాడు. ఆ క్షణంలో నాకు కలిగే సంతోషం ఎంతంటే, నోట్లోనే స్తోత్రం అనుకుంటాను. ఆ సంతోషమే నన్ను అనుమానంలో పడేసింది. నేను విన్న సాక్ష్యాల్లో దేవుని పిలుపు ఎప్పుడూ కష్టంగా వచ్చింది, ఇష్టమైనదాన్ని వదిలించింది. ఇంత హాయిగా ఉన్న చోట దేవుడు నన్ను ఎందుకు ఉంచుతాడు, ఆయన ఉద్దేశం వేరే చోట ఉండి ఉంటుంది అనుకున్నాను. అవ్వ దిగులు ఒక పక్క, ఈ ఆలోచన ఒక పక్క. సరే అన్నాను. కోత పండుగ రోజు ఖాయమైంది.

ఇక ఆ మందిరం సంగతి. ఉట్నూర్ దాటి జీపులో ముప్పావుగంట లోపలికి పోతే ఆ ఊరు. రేకుల కప్పు, సున్నం గోడలు. ఒకసారి అయ్యగారు అక్కడ ఫ్యాన్లు తిరగడం లేదని వైరింగ్ చూడమని నన్ను తీసుకుపోయారు. చూశాను. మరుసటి ఆదివారం ఇంకోటి చెడింది. అది చూశాను. అలా ప్రతి ఆదివారం పోవడం అలవాటైంది. ఆదివారం పొద్దున్నే మందిరం తెరిచి అన్నీ సరిచూసేది నేనే గనక తాళాలు నా దగ్గరే పెట్టారు. బెల్టుకు తగిలించుకునేవాణ్ని. ఆ ఊళ్లో ఎవరు ఎవరికి ఎదురుపడినా రామ్ రామ్ అంటారు. మా సంఘపెద్దదీ అదే అలవాటు. ఆయన అయ్యగారికి రామ్ రామ్ అంటాడు, అయ్యగారు వందనాలండీ అంటారు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆ రోజు పొద్దున జీపు దిగగానే సంఘపెద్ద అవ్వకు రామ్ రామ్ చెప్పి, నా వైపు తిరిగి, ఇంజినీర్ సాబ్, నువ్వు పాస్టరైతె మా బోరింగ్ ఎవడు సూస్తడు, అన్నాడు. ఆట పట్టించడానికే అన్నాడు. నేను నవ్వాను కానీ ఆ మాట లోపల ఎక్కడో తగులుకుంది.

అవ్వ నన్ను మందిరం పక్కకు తీసుకుపోయి సంచి విప్పింది.

"జర నిలబడు. గీ అంగి తొడుగు."

తొడుక్కున్నాను. కాలర్ సరిచేసి, ఎడంగా నిలబడి చూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఇన్నాళ్ల దిగులు ఈ పూటతో తీరుతుందని ఆమె అనుకుంటున్నది. నేను కూడా అదే అనుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. ఇంతలో లోపల స్పీకర్ గుయ్‌మని మొదలుపెట్టింది.

పాటలు మొదలవ్వాలి. చప్పుడు చూస్తే తేనెటీగల పెట్టె తెరిచినట్టుంది. నాకు కారణం తెలుసు. మందిరం వెనకాల కరెంటుకు ఎర్త్ తీగ దింపిన గుంత ఎండిపోతే ఇలాగే అవుతుంది. వెనక్కి పోయి గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి, వదులైన తీగ బిగించి వచ్చాను. గుయ్ తగ్గింది. చొక్కా అంచుకు మట్టి అంటింది. అవ్వ చూసింది. కొంగుతో దులిపి నన్ను మగవాళ్ల చాప అంచున, తనకు కనబడేలా కూర్చోబెట్టింది. ఈసారి లేవద్దు అని మెల్లగా చెప్పింది.

రెండో పాట మధ్యలో వంట దగ్గరి నుంచి ఒకావిడ వచ్చింది. పండుగ రోజు ఆరాధన కాగానే ప్రేమవిందు ఉంటుంది, ఊరంతా కలిసి తింటుంది. అన్నానికి ఎసరు పెట్టాలి, బోరింగ్ కొడుతుంటే పిడి ఊగుతుంది గానీ నీళ్లు పడటం లేదు. ఆమె అవ్వ భుజం మీదుగా వంగి, ఇంజినీర్ సాబ్‌ను జర పంపుతరా, అని అవ్వనే అడిగింది. అవ్వ నా వైపు చూసింది. పో, అన్నది.

బోరింగ్ మూత విప్పితే పిడిని లోపలి రాడ్డుకు కలిపే గొలుసు ఊడి వేలాడుతోంది. బోల్టు అరిగిపోయింది. నా సంచిలో ఎప్పుడూ నాలుగు రకాల బోల్టులుంటాయి. గొలుసు పైకి లాగి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. సంఘపెద్ద పాట పాడుకుంటూనే వచ్చి పట్టుకున్నాడు. గ్రీజు చేతులకు, చేతుల నుంచి చొక్కాకు వచ్చింది. నీళ్లు పడగానే అక్కడున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టి, అయ్యగారి పాటకు తాళం వేస్తున్నట్టు సర్దుకున్నారు. తిరిగి వచ్చి చూస్తే అవ్వ చాప మీద లేదు. మందిరం గుమ్మంలో నిలబడి బోరింగ్ దిక్కే చూస్తోంది. ఆమె మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు. చొక్కా పాడు చేసినందుకు కోపం అనుకున్నాను.

వాక్యం అయిపోయింది. అయ్యగారు కానుకల కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కోళ్లు మూసుకోలేదు. ఒక ఎర్ర పుంజు కాళ్ల తాడు విప్పుకుని, ముందు ఆంప్లిఫయర్ మీదికి, అక్కడి నుంచి కిటికీ మీదికి, చివరికి రేకుల కింద ఇనుప దూలం మీదికి ఎక్కింది. దూలం వెంట నా వైరు పోతుంది. పుంజు ఆ వైరును ముక్కుతో లాగడం మొదలుపెట్టింది. పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. మూలనున్న నిచ్చెన తెచ్చి వేసి, ఎక్కి, పుంజును రెండు రెక్కలూ కలిపి పట్టి చంకలో ఇరికించుకున్నాను.

సరిగ్గా అప్పుడే అయ్యగారు కళ్లు తెరవకుండానే, ఇప్పుడు మన తమ్ముణ్ణి ముందుకు రావలసిందిగా కోరుతున్నాను, అన్నారు. కళ్లు తెరిచి చాపల మీద వెతికారు. తర్వాత పైకి చూశారు.

నేను నిచ్చెన మీద ఉన్నాను. చంకలో పుంజు, చొక్కా మీద గ్రీజు, నడుముకు తాళాల గుత్తి. మందిరమంతా నవ్వుతోంది. నేను దిగడానికి మెట్టు వెతుక్కుంటుండగా అవ్వ లేచి నిలబడింది.

"అయ్యగారు, జర ఆగుండ్రి. నాకొక సాక్ష్యం ఉన్నది."

మా అవ్వ చర్చిలో ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. నవ్వు ఆగిపోయింది. అయ్యగారు మైకు ఇవ్వబోతే వద్దన్నది.

"మా బాపు హుస్నాబాద్ దిక్కు ఒక పటేల్ ఇంట్ల జీతం ఉన్నడు. పొద్దుగాల్ల లేసి దొడ్డి ఊడ్సేటోడు. గొడ్లకు నీళ్లు పెట్టేటోడు. కందిలి దీపం తుడిసేటోడు. ఎవ్వలు పిలిస్తె గాల్ల దిక్కు ఉర్కేటోడు. అరుగు మీద కూసోని ముచ్చట జెప్పేటోడు పటేలు. మా బాపు గాదు. జీతగాడంటె గది అయ్యగారు. ఇల్లు నడిపిచ్చెటోడు. మాట్లాడెటోడు గాదు."

ఆమె ఊపిరి తీసుకుంది. అక్కడున్న పెద్దవాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఆ మాటకు ఒక జ్ఞాపకం ఉంది, మంచిది కాదు.

"గా దినం దావఖానల నాకేం తెల్సు? దేవునికి ఇయ్యనీకె నాకు తెల్సిన మాట గదొక్కటే. మా బాపు ఎట్లున్నడో గట్ల ఉంచుత అన్న. మీరు సేవకుడు అన్నంక, గదే గావచ్చు అనుకున్న. ఇయ్యాల పొద్దటి సంది సూస్తున్న. మైకన్నరు, పోయిండు. బోరింగన్నరు, పోయిండు. కోడన్నరు, గిదో, ఎక్కిండు. నేను మొక్కింది గిది. నేను ఇయ్యకముందే ఆయన తీస్కున్నడు."

కూర్చోబోయి మళ్లీ నిలబడింది.

"మా బాపును గా ఇంట్ల గడప లోపటికి రానియ్యకపోయిండ్రు. గీ ఇంటి తాళాలు నా కొడుకు నడుముకున్నయ్."

సంఘపెద్ద తల రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మా అయ్య గూడ జీతం ఉన్నడు, అన్నాడు, ఎవరితోనో కాదు, ఊరికే. నేను నిచ్చెన మీదే ఉండిపోయాను. ఆ తాళాలు రెండేళ్లుగా నడుముకు ఉన్నాయి. జీపులో కూర్చున్నప్పుడు గుచ్చుకుంటాయని తప్ప వాటి గురించి నేనెన్నడూ ఆలోచించలేదు.

అయ్యగారు బైబిల్ మూశారు. తర్వాత మెల్లగా అన్నారు: బైబిల్లో ఆ తల్లి మందిరానికి ఇచ్చిన పిల్లవాడు దేవుని స్వరం విన్నాడనే నేను ఎప్పుడూ చెబుతుంటానండీ, తెల్లారి లేచి మందిరం తలుపులు తీశాడని కూడా అక్కడే ఉంది, దాని మీద ఎప్పుడూ ఆగలేదు. ఆ తర్వాత అవ్వ వైపు తిరిగారు.

"మరి చేతులుంచి ప్రార్థన చేయమంటారా, వద్దంటారా అమ్మగారూ?"

"చెయ్యుండ్రి. గని కోడిని ఇడిసినంక."

అందరూ నవ్వారు. ఈసారి అవ్వ కూడా నవ్వింది. పుంజును సంఘపెద్ద చేతికిచ్చి ముందుకు పోయి మోకరించాను. అయ్యగారు నా తల మీద కాదు, నా చేతులు రెండూ పట్టుకుని ప్రార్థించారు. చిన్న ప్రార్థన. ఈ చేతులు నీవి, ఇవి ఎక్కడ పని చేసినా నీ ఇంట్లోనే చేస్తున్నట్టు ఉండనియ్యి, మిల్లులో అయినా, ఇక్కడైనా. ఆమెన్ అన్నాక తన చేతులు చూసుకుని జేబురుమాలు వెతుక్కున్నారు. గ్రీజు రుమాలుతో పోదని నేను చెప్పాను. కొబ్బరినూనె రాసి తుడవాలి.

ప్రేమవిందులో అవ్వ రెండుసార్లు వడ్డించుకుంది. ఆమె అలా తినడం చూసి చాలా రోజులైంది. తిన్నాక బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతలి నుంచి ఆయన గొంతు నాకూ వినబడింది. జీతం ఎన్నడో ఇచ్చినమని నేను అప్పుడే జెప్పిన గద, అంటున్నాడు. నీకు ఇప్పటికీ సమజ్ గాలే, అని అవ్వ ఫోన్ పెట్టేసింది. సాయంత్రం జీపులో నా చొక్కా మరకలు చూస్తూ, ఉతుకుదామా అని అడిగితే, వద్దు, ఆదివారాలకు ఇదే తొడుగు, అన్నది.

శిక్షణకు పోలేదు. మరుసటి రోజు పొద్దున మిల్లుకు పోయాను. స్విచ్‌లు వేశాను, చప్పుడు విన్నాను. మూడో వరుసలో ఒక జిన్ను కొంచెం గరగరమంటోంది. ఆపి చూశాను, బేరింగే. విప్పుతూ స్తోత్రం అనుకున్నాను. ఇంతకుముందు అనుకున్నప్పుడు దొంగతనంగా అనుకున్నట్టుండేది. ఇప్పుడు ఆ సంకోచం లేదు. మరాఠీ ఫిట్టర్ పక్కన కూర్చుని, ఈరోజు ఏంది, ఈల వేస్తున్నవ్, అని అడిగాడు. ఉద్యోగం ఖాయమైంది అన్నాను. ఇన్నాళ్లూ కాలేదా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఆ ఏడు చివరి ఆదివారం అలవాటు ప్రకారం సంఘపెద్ద లేచి మందిరం వివరాలు చదివాడు. చదివే ముందు నా దిక్కు ఒకసారి చూశాడు. పాస్టర్ ఒక్కరు. పెద్దలు ముగ్గురు. పిల్లలకు వాక్యం చెప్పేవాళ్లు ఇద్దరు. జీతగాడు ఒక్కడు.